అద్దెకు మూడు ఆదివారాలు

సూళ్లూరుపేట,
జూలై 10.

మామయ్యకు కరుణ వందనాలు.

ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ మీరూ, సామ్రాజ్యం అత్తా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ పోయినసారి మీరన్న మాట గుర్తొచ్చింది. ఫోన్లో నేను మాట్లాడేది మీకు తప్ప వీధికంతా వినపడుతుందన్నారు. అందుకని ఈ ఉత్తరం.

కావలి ఇల్లు సోమవారం నా పేరున రిజిస్టరు అయింది. తాళాలు తిమోతి బావ చేతికిచ్చి పంపుతున్నాను. హాలు, రెండు గదులు, వంటిల్లు, వెనక కాస్త దొడ్డి. ముప్పై నాలుగేళ్లకు నాకంటూ నాలుగు గోడలు నిలబడ్డాయి. అయితే నేను అందులో ఉండబోయేది లేదు. నా ఉద్యోగం ఈ ఆసుపత్రిలో, నా మంచం ఈ నర్సుల హాస్టల్లో. ఆ ఇల్లు కొన్నది అద్దెకివ్వడానికే. బ్యాంకు వాయిదాలో సగం నా జీతం, సగం అద్దె. ఇదీ నా ఆలోచన. బ్యాంకు మేనేజరు అంతా విని, "అద్దె రాకపోతే?" అని అడిగాడు. వస్తుందని చెప్పాను. నేనాయనకు చెప్పింది మీరు నిజం చేయాలి.

క్రిస్మస్ దాకా వాయిదా మొత్తం నా జీతంతోనే లాగగలను. అప్పటికీ ఇల్లు ఖాళీగా ఉంటే అమ్మేయడమే. నాకు ఈ ఇల్లు ఇప్పించిన బ్రోకరే మళ్లీ అమ్మిపెడతానని ఇప్పటినుంచే అంటున్నాడు, నేను పెట్టిన దానికన్నా తక్కువకు.

కాబట్టి టులెట్ బోర్డు కట్టి, మంచివాళ్లను చూడండి. మొదటిసారి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల కోసం జాగ్రత్తలు చెప్పే వీడియోలు చాలా చూశాను. అందరూ చెప్పేది ఒకటే. వచ్చేవాళ్ల గురించి నలుగురినీ విచారించకుండా తాళం ఇవ్వకూడదట. ఆ ఒక్కటీ మరచిపోవద్దు.

అత్త భోజనాల మెస్ ఎలా నడుస్తోంది? రొయ్యల హేచరీ పనివాళ్లు ఇంకా పెరిగారని విన్నాను.

మీ మేనకోడలు,
కరుణాకుమారి.

తా.క. హాల్లో ఫ్యానుకు స్పీడు తగ్గించే మీట లేదు. వేస్తే తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. వచ్చేవాళ్లకు ముందే చెప్పండి.


కావలి,
ఆగస్టు 4.

ప్రియమైన మేనకోడలు కరుణాకుమారికి, ప్రభువు నామమున శుభములు కోరి మామ సమాధానం రాయునది.

తాళాలు అందినవి. ఇల్లు చూశాను. గోడలు నిటారుగా ఉన్నాయి. ఈ రోజుల్లో అదే గొప్ప. బోర్డు కట్టాను.

వీడియోల సంగతి నాకు తెలియదు గానీ, నలుగురినీ విచారించాలన్న మాట నాకు నచ్చింది. అయితే ఏ నలుగురిని? మన వీధిలో నలుగురిని పట్టుకుంటే ఇద్దరు నాతో మాట్లాడరు, మిగతా ఇద్దరు మాట్లాడితే ఆపరు. రెండు రోజులు ఆలోచించాను. పిల్లనిచ్చేటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు? మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చేయించి, ఆటంకం తెలిసినవాళ్లు చెప్పమంటారు. ఇల్లు కూడా ఒకరి చేతిలో పెట్టేదే. పైగా పిల్ల అయితే బాగాలేకపోతే తిరిగి వస్తుంది. ఇల్లు రాదు.

సంఘ కార్యదర్శిగా ప్రకటనల కాగితం రాసేది నేనేనని నీకు తెలుసు. మైకులో ఎవరేం చెప్పినా నాకు గుయ్‌మని వినపడుతుంది తప్ప మాట తెలియదు. రాసింది నేనే గనక వినాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. పాస్టరు క్రీస్తురాజు అయ్యగారు కాగితం చూసి, "ఇది పెళ్లి కాదు కదా సమాధానం గారూ" అన్నారు. పెళ్లికి తప్ప దేనికీ ప్రకటన చేయకూడదని ఎక్కడన్నా ఉందా అని అడిగాను. ఆయన లేదన్నారు. చదివారు.

"మన సంఘ సభ్యురాలు కుమారి కరుణాకుమారి గారి ఇంటికి, హేచరీలో టెక్నీషియనుగా పనిచేయుచున్న సుకుమార్ గారు అద్దెకు రానైయున్నారు. ఇందుకు ఆటంకము ఎరిగినవారు తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

సుకుమార్, అతని భార్య వినీల ఇద్దరూ నెమ్మదస్తులు. ఇల్లు వాళ్లకు నచ్చింది. కానీ ఆరాధన కాగానే చెంచమ్మ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆయప్ప మా చెల్లెలింట్లో అద్దెకుండినాడు సమాధానమన్నా. గోడల నిండా మేకులు కొట్టినాడు. క్యాలెండరుకు ఒకటి, చొక్కాకు ఒకటి, ఏం తగిలించాలో తేల్చుకోకముందే ఇంకొకటి."

ఇది చిన్న విషయం కాదు. విచారిస్తున్నాను. తొందరపడవద్దు.

నీ క్షేమం కోరు మామ,
సమాధానం.

తా.క. సుకుమార్ వాళ్లు హిందువులు. ఆ సంగతి మీద సంఘంలో ఒక్కరూ ఆటంకం చెప్పలేదు. అందరి బాధా మేకుల గురించే.


సూళ్లూరుపేట,
ఆగస్టు 11.

మామయ్యకు కరుణ వందనాలు.

మీ ఉత్తరం కన్నా ముందే మీ ప్రకటన ఇక్కడికి చేరింది. చర్చిలో నా పేరూ, ఒక మగమనిషి పేరూ, ఆటంకమన్న మాటా వినేసరికి, వెనక వరుసలో ఉన్నవాళ్లకు ఇల్లన్న మాట మీద ధ్యాస ఎందుకుంటుంది? నెల్లూరు పెద్దమ్మ ఫోన్ చేసింది. హేచరీ ఉద్యోగం పర్మనెంటా అని అడిగింది. అతనికి భార్య ఉందట గదా అని కూడా అడిగింది, కానీ ఉద్యోగం సంగతి తేలాక.

హాస్టల్లో అందరూ స్వీట్లు అడుగుతున్నారు. అద్దె ఇల్లని చెప్తే, సిగ్గుపడి అలా చెప్తున్నాననుకుంటున్నారు. మా మేట్రన్ పిలిచి, "పెళ్లికి ఎన్ని రోజులు కావాలి?" అంది. మూడేళ్లలో ఆమె నన్ను సెలవు గురించి తనంతట తాను అడగడం ఇదే మొదలు.

మామయ్యా, మేకులంటే నాకేమీ ఇబ్బంది లేదు. గోడ ఉన్నది మేకు కొట్టడానికి కూడా. సుకుమార్ గారికి తాళాలిచ్చేయండి. మిగతా రెండు ప్రకటనలూ వద్దు. నేను విచారించమన్నది నలుగురిని. చర్చిని కాదు.

మీ మేనకోడలు,
కరుణ.

తా.క. మేట్రన్‌కు నిజం చెప్పాను. సెలవు పోయింది.

ఇంకో తా.క. నిన్న శ్రీహరికోట షార్‌లో రాకెట్ వదిలారు. వార్డులో నడవలేని వాళ్లు కూడా మిద్దె మీదకు పోయి చూశారు, గ్లూకోజు స్టాండు తోసుకుంటూ. వాళ్లను దించడానికి మాత్రం నలుగురం కావాల్సి వచ్చింది.


కావలి,
సెప్టెంబరు 22.

ప్రియమైన మేనకోడలికి శుభములు.

నీ ఉత్తరం వచ్చేసరికి సుకుమార్ ఇల్లు చూసుకున్నాడు. చెంచమ్మ వాళ్ల వెనక పోర్షన్‌లో దిగాడు. మేకులు కొట్టనని ఆమెకు మాటిచ్చాడట. ఆ మాట మనకిచ్చినా సరిపోయేది. చెంచమ్మ పోర్షన్ కూడా ఖాళీగా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. మంచి మనిషి, అతణ్ణి వీధిపాలు కానీయలేదు.

తర్వాత జడ్సన్ వచ్చాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు, మన సంఘంవాడే, ఒంటరివాడు, సిగరెట్టు కూడా లేదు. ఈసారి ఏ ఆటంకమూ రాదనుకున్నాను. మొదటి ప్రకటన చదివి ముగించకముందే స్త్రీల వైపు నుంచి వాళ్లమ్మ క్యాథరిన్ టీచరు లేచింది. కొడుకు వేరే ఇల్లు చూసుకుంటున్నాడని ఆమెకు ఆ ప్రకటనలోనే తెలిసింది.

"ఒరే జడ్సా, నీకేం తక్కువ చేసినానురా? దోసెలు చల్లగా పెట్టినానా? చెప్పరా, అందరూ ఉండారు, చెప్పు."

జడ్సన్ పాటల పుస్తకం తెరిచి దాంట్లోకి చూశాడు. అయ్యగారు ఆ కుటుంబం కోసం ప్రార్థన చేశారు. సాయంత్రానికి జడ్సన్ ఇల్లు వద్దన్నాడు.

ఆ తర్వాత ఒక దర్జీ వచ్చాడు. అతని మీద సంఘంలో ఆడవాళ్లందరూ ఒక్కసారిగా లేచారు. క్రిస్మస్‌కు కుట్టమన్న జాకెట్లు ఈస్టరుకు ఇస్తాడట, అవీ వేరేవాళ్లవి.

ఇవన్నీ ఇల్లు ఇచ్చాక తెలిస్తే మన గతి ఏమయ్యేది? పద్ధతి మంచిదని ఇప్పుడు నీకూ అర్థమై ఉంటుంది.

నీ క్షేమం కోరు మామ,
సమాధానం.

తా.క. ఇదివరకు సగం మంది ప్రకటనలు అయ్యాక వచ్చేవాళ్లు. ఇప్పుడు మొదటి పాటకే బల్లలు నిండుతున్నాయి. కారణం తన ప్రసంగమని అయ్యగారు అనుకుంటున్నారు. నేను కాదనలేదు.


సూళ్లూరుపేట,
అక్టోబరు 3.

శ్రీ సమాధానం గారికి కరుణాకుమారి రాయునది.

నిన్న తిమోతి బావ వచ్చాడు. ఎవరూ లేని నా ఇంటికి వచ్చిన కరెంటు బిల్లు తెచ్చిచ్చాడు. ఫ్యాను తనంతట తాను తిరగదు కదా బావా అన్నాను. అతను కాసేపు నసిగి, చూసింది చెప్పాడు. మధ్యాహ్నం ఆ వీధిన పోతుంటే తలుపు తీసి ఉందట. హాల్లో చాప మీద మీరు పడుకుని ఉన్నారట, ముఖం మీద పేపరు కప్పుకుని. రోజూ అదే సమయానికి వస్తారని పక్కింటివాళ్లు చెప్పారట.

వచ్చిన వాళ్లందరినీ వంక పెట్టి పంపేసి, ఇల్లు మీకోసం ఖాళీగా ఉంచుకుంటున్నారని నేననడం లేదు. తిమోతి బావ అన్నాడు. నాకు కాదనడానికి మాట దొరకలేదు.

మేకులు కొట్టేవాడు చెంచమ్మకు పనికొచ్చాడు, నాకు పనికిరాలేదు. జాకెట్లు ఆలస్యమైతే నా అద్దె ఎందుకు ఆలస్యమవుతుంది? మూడు నెలలుగా నేను రాత్రి డ్యూటీలు అదనంగా చేసి వాయిదా కడుతున్నాను. బ్రోకరు కొనేవాళ్లను సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. వాళ్లు క్రిస్మస్ దాకా ఆగరట, నవంబరు మొదటి సోమవారం సంతకానికి రమ్మంటున్నాడు. ఆలోపు ఎవరూ రాకపోతే వెళ్తాను.

మీకు ప్రకటనలే కావాలంటే చేయించుకోండి. కానీ ఇక నుంచి విచారణ వద్దు. ముందు అడిగినవారు ఎవరైనా సరే, మూడో ప్రకటన కాగానే తాళం వాళ్లదే. ఇంటి యజమాని చెప్పిన ఆటంకం తప్ప ఇంకెవరిదీ చెల్లదు. ఈ మాట అయ్యగారికి కూడా విడిగా రాశాను.

ఇట్లు,
కరుణాకుమారి,
ఇంటి యజమాని.

తా.క. అత్తకు మాత్రం నా వందనాలు చెప్పండి.


కావలి,
అక్టోబరు 14.

గౌరవనీయులైన ఇంటి యజమానురాలు కరుణాకుమారి గారికి సమాధానం సవినయముగా వ్రాయునది.

తమరి ఉత్తరం అందినది. కరెంటు బిల్లు నేను కట్టాను. చాప నాది, తెచ్చుకున్నాను.

ఇంతకన్నా ఈ పద్ధతిలో రాయడం నాకు చేతకాదు. నువ్వు పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి నిన్ను ఎత్తుకొచ్చింది నేను. సంగతి విను.

మీ అత్త మెస్సు గురించి నీకు పూర్తిగా తెలియదు. మొదట నలుగురు వచ్చేవాళ్లు. ఇప్పుడు హేచరీవాళ్లు మూడు పంక్తులు తింటారు. వాకిలి గదిలో ఒక పంక్తి, వసారాలో ఒకటి, వాళ్లు లేచేదాకా వీధిలో నిలబడి ఒకటి. నా మంచం ఎత్తి గోడకు ఆనించి దాని మీద విస్తళ్లు ఆరబెట్టింది. పోయిన నెల భోంచేసి అక్కడే కునుకు తీస్తుంటే ఒకడు నన్ను తట్టి, "పెద్దాయనా, తినేసినావు గదా, లేచి చోటియ్యి" అన్నాడు. నా ఇంట్లో. మీ అత్తతో చెప్తే, "నిజమే గదా, తినేసినావు గదా" అన్నది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం నీ ఇంటికి పోతున్నాను. ఇల్లు ఆక్రమించుకోవాలని కాదు. పడుకోవాలని.

నీ ఆజ్ఞ ప్రకారం విచారణ మానేశాను. ప్రకటన కాగితం కూడా ఈసారి నేను రాయలేదు. ఇల్లు కావలసినవారు నేరుగా అయ్యగారికి చెప్పుకోవలెనని బోర్డు మీద రాసి ఊరుకున్నాను. ఎవరో చెప్పుకున్నట్టుంది. నిన్న మొదటి ప్రకటన అయింది. మైకులో కనుక పేరు నాకు తెలియలేదు. అడుగుదామంటే విచారణ చేసినట్టవుతుంది. అందుకని అడగలేదు.

అయితే ఒకటి చూశాను. ప్రకటన చదువుతున్నంతసేపూ అందరూ నా వైపే చూశారు. కొందరు నవ్వారు. మన పద్ధతి మీద వాళ్లకు గౌరవం కలిగిందని తెలుస్తూనే ఉంది. నేనూ తలాడించాను. ఒక్క ఆటంకం కూడా రాలేదు.

ఇట్లు,
సమాధానం.

తా.క. నీ వందనాలు మీ అత్తకు చెప్పాను. నువ్వు నాకు చెప్పలేదని ఆమెకు చెప్పాను. "దానిది తప్పేముంది" అన్నది.


సూళ్లూరుపేట,
అక్టోబరు 21.

మామయ్యకు కరుణ వందనాలు. ఈసారి మీకే.

మంచం సంగతి నాకు తెలియదు. తెలిస్తే చాప గురించి రాసేదాన్ని కాదు. మీరు ఫ్యాను కింద పడుకున్నందుకు కాదు నా కోపం. బ్యాంకు వాయిదా రోజు దగ్గరకొచ్చేసరికి ఎవరి మీదైనా కోపమొస్తుంది. మీరు దగ్గరివాళ్లు, దొరికారు.

అద్దెదారు నాకు ఫోన్ చేశారు. బేరమాడలేదు. నాకే మొహమాటమై కొంచెం తగ్గించబోతే, "నువ్వు వాయిదా కట్టుకోవాలిగదా, తగ్గించొద్దు" అన్నారు. అడ్వాన్సు ఇప్పుడే పంపుతామన్నారు గానీ వద్దన్నాను. అన్నీ పద్ధతి ప్రకారమే కావాలట వాళ్లకు. మూడు ప్రకటనలూ నిండాలి, అప్పుడే తాళం తీసుకుంటారట. దొంగచాటుగా ఇంట్లో దూరారన్న మాట తర్వాత ఎవరి నోటా రాకూడదన్నారు.

అందువల్ల అంతా వచ్చే ఆదివారం మీద ఆధారపడి ఉంది. వాళ్లు ఆ రోజు వెనక్కు తగ్గితే నాకింకో దారి లేదు, నవంబరు మొదటి సోమవారం బ్రోకరు దగ్గరకు పోవాల్సిందే. దయచేసి వాళ్లను భయపెట్టే పని ఏదీ చేయవద్దు. సమాధానం గారితో ఏమైనా ఇబ్బందా అని నేనే అడిగాను. మీరంటే భయమేమీ లేదన్నారు.

పేరు నాకు తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. రెండుసార్లు చర్చిలో చదివిన పేరు నేను మళ్లీ ఉత్తరంలో రాయడం ఏం బాగుంటుంది? ఆదివారం ముందు వరుసలో కూర్చోండి.

మీ మేనకోడలు,
కరుణ.

తా.క. మేట్రన్ ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం నన్ను పిలిచి, ఆదివారం ఏమైందని అడుగుతోంది. సెలవు సంగతి మాత్రం ఎత్తడం లేదు.


కావలి,
నవంబరు 2.

ప్రియమైన మేనకోడలు కరుణాకుమారికి మామ సమాధానం రాయునది.

బ్రోకరు దగ్గరకు పోవద్దు. నీ ఇల్లు అద్దెకు పోయింది. ఎలా పోయిందో నీకు తెలుసు. నాకే ఆలస్యంగా తెలిసింది. అయినా రాస్తాను.

నువ్వు చెప్పినట్టే ముందు వరుసలో కూర్చున్నాను. అయ్యగారు మైకు పక్కన పెట్టి, మెట్టు దిగి, నా ఎదురుగా వచ్చి నిలబడి చదివారు. పెళ్లికొడుకుకు చదివినట్టు చదివారు.

"మన సంఘ సభ్యురాలు కుమారి కరుణాకుమారి గారి ఇంటికి, సమాధానం గారి భార్య సామ్రాజ్యం గారు, భోజనాల మెస్సు నడుపుకొను నిమిత్తము అద్దెకు రానైయున్నారు. ఇది మూడవది, చివరిది అయిన ప్రకటన."

నేను లేచాను. నాకు ఆటంకం ఉందన్నాను.

"మీరు ఇంటి యజమానా సమాధానం గారూ?" అన్నారు అయ్యగారు.

"కాదు."

"యజమాని ఆటంకం తప్ప ఇంకొకరిది చెల్లదని నాకు ఉత్తరం వచ్చింది. కూర్చోండి."

కూర్చోబోతుంటే స్త్రీల వైపు నుంచి మీ అత్త లేచింది. "చెప్పనీండి అయ్యగారూ. ఏం ఆటంకమో నేనూ వినాలిగదా" అన్నది.

సంఘమంతా నా వైపు తిరిగింది. మేకులు కొడుతుందందామంటే ముప్పై ఎనిమిదేళ్లలో మా ఇంట్లో మేకులన్నీ నేను కొట్టినవే. చివరికి, "నాకు అన్నం ఎవరు పెడతారు?" అన్నాను.

"మెస్సుకు రా, పెడతా" అన్నది. "పంక్తిలో చోటుంటే."

అంత నవ్వు మా చర్చిలో నేనెప్పుడూ చూడలేదు. వినపడింది కూడా. అయ్యగారు ఆశీర్వాదం ఇవ్వడానికి మూడుసార్లు చెయ్యెత్తాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక అడిగాను, ఈ మాట నాతో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని. ఆమె కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా చెప్పింది.

"నాలుగు నెలలుగా యాడెవరికో ఇల్లు చూపించుకుంటా తిరిగినావు. మేకులాయన, ఫిజిక్సాయన, దర్జీ ఆయన. చోటు చాలక నేను వీధిలో అన్నం పెడుతుండా. సామ్రాజ్యం, నీకేమన్నా కావాల్నా అని ఒక్క పూటన్నా అడిగినావా? అడగలా. అందుకే అయ్యగారిని అడిగినా."

ఆమెకు ఇల్లు కావాలని నాకు తోచనేలేదు. ఆమెకు ఇల్లు ఉందిగదా అనుకున్నాను.

అద్దె ఒప్పందం రాయించాము. నీ తరఫున సంతకం పెట్టేది నేనే. అద్దెదారు పేరు, భర్త పేరు అన్నచోట కూడా నా పేరే వచ్చింది. రాసేవాడు రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకుని, "ఈ సమాధానం, ఆ సమాధానం ఒకరేనా అండీ?" అన్నాడు. ఒకరేనన్నాను. "గొడవలేమన్నా వస్తే ఎవరి పక్కనుంటారు?" అన్నాడు. మీ అత్త, "ఆయన ఎవరి పక్కన ఉన్నా పరవాలేదు, రాయి" అన్నది.

నిన్న గిన్నెలు, బల్లలు, పొయ్యిలు అన్నీ నీ ఇంటికి చేరినవి. హేచరీవాళ్లే మోశారు. మొదటి పూట నీ హాల్లో రెండు పంక్తులు, గదిలో ఒకటి ఒక్కసారే కూర్చున్నారు, వీధిలో ఎవరూ నిలబడలేదు. అడ్వాన్సు, ఈ నెల అద్దె నీ ఖాతాలో పడ్డాయని నీకు మెసేజ్ వచ్చి ఉంటుంది. డిసెంబరు అద్దె ఒకటో తారీకునే ఇస్తుంది. ఆమె మాటకు నేను పూచీ. ఆమె విషయంలో నాకు విచారణ అక్కరలేదు.

ఇక్కడ వాకిలి గది ఖాళీ అయింది. నా మంచం దించి, మళ్లీ కిటికీ పక్కన వేసుకున్నాను. లేచి చోటియ్యమనేవాడు లేడు. నిన్న మధ్యాహ్నం పడుకున్నాను. ఈ రోజూ పడుకున్నాను. గిన్నెల చప్పుడు లేదు, మనుషుల అలికిడి లేదు. నిద్ర పట్టలేదు. అలవాటవుతుంది.

పోస్టు పెట్టెకు పోయే ఓపిక లేదు. ఈ ఉత్తరం మీ అత్త చేతికిస్తున్నాను, మెస్సుకు పోతూ వేసేస్తానన్నది.

నీ మేలు కోరు మామ,
సమాధానం.

తా.క. నా భోజనం టికెట్టు నంబరు 31. సంఘ కార్యదర్శినని చెప్పినా ముందు నంబరు ఇవ్వలేదు.

మే కరుణా, కవరు అంటించేముందు చదివినా. అన్నీ ఉన్నదున్నట్టే రాసినాడు, అందువల్ల నేను కొట్టేయాల్సింది ఏం లేదు. నీ ఇంట్లో వెనక కొళాయి కారుతుంది, ఓనరువి నువ్వేగదా, బాగు చేయించు. ఇంకో మాట. ఇక్కడ వాకిలి గది ఊరికే ఉండాది. హేచరీలో కొత్తగా చేరినాయన ఒకాయన గది కోసం తిరుగుతుంటే మాటిచ్చినా, సోమవారం దిగుతాడు. అద్దె ఎంత చెప్పాలో నీకు తెలిసుంటుంది, ఫోన్ చెయ్యి, నాకు బాగానే వినపడుతుంది. మీ మామకు ఇంకా చెప్పలా. ప్రకటన చెయ్యమంటాడు.

– సామ్రాజ్యం అత్త.